చిమ్మిలి డబ్బాలు

పండగ రోజుల్లో మా ఇంట్లో నేనెవరినీ నమ్మను. షుగరొచ్చి పన్నెండేళ్లయింది. అప్పటినుంచీ నా ఆకులో పడ్డ బూరె పక్కవాళ్ల బూరె కన్నా చిన్నదేమోనని ఓరకంట చూసుకుంటాను. పాయసం గిన్నె సరిగ్గా నా దగ్గరికొచ్చేసరికే ఖాళీ అయిందంటే, అది అనుకోకుండా జరిగిందని చచ్చినా ఒప్పుకోను. మా ఆవిడా నన్ను నమ్మదు. ఆ విషయంలో ఇద్దరికిద్దరం.

మొన్న నాగులచవితి ముందురోజు వంటింట్లో రోలు చప్పుడైంది. నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతోంది. ఆ పూట నర్సీపట్నంలో ఏ వీధికెళ్లినా చిమ్మిలి వాసనే. నేను గుమ్మంలోకి వెళ్లగానే చప్పుడు ఆగిపోయింది.

"ఏటి కావాలండీ?" అంది మా ఆవిడ.

మంచినీళ్లన్నాను. ఇచ్చి, నేను తాగేదాకా అక్కడే నిలబడింది. ఆమె వెనక రెండు డబ్బాలున్నాయి. చిన్నది నాదేనని, అందులో బెల్లం తగ్గించిన చప్పిడి ఉండలున్నాయని నా అనుమానం.

మర్నాడు రావికమతం దగ్గర మా బావమరిది జీడితోటకి వెళ్లాలి. ఏటా అక్కడి పుట్టలోనే పాలు పోస్తాం. మా ఆవిడ ఉపవాసం. నాకు ఉపవాసం పనికిరాదు గనక నాలుగిడ్లీలు పెట్టింది. ఒకటి తిని మూడు పెరట్లో కాకులకి వేశాను. ఇన్సులిన్ మాత్రం రోజూ కన్నా నాలుగు యూనిట్లు ఎక్కువే వేసుకున్నాను. పూజ అవగానే పెద్ద డబ్బా మీద పడాలని నా ఎత్తు.

తీరా వెళ్తే పుట్ట దగ్గర మాకన్నా ముందు ఆరు కుటుంబాలున్నాయి. పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. గంట గడిచింది. మా ఆవిడ నైవేద్యం కాకముందు డబ్బా మూత కూడా తీయనివ్వదు. నాకు షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. చెబితే ఇడ్లీల సంగతి బయటపడుతుంది. ప్రాణభయం వేసినా నోరు విప్పలేదు. అంత మొండివాణ్ణి.

ఆమే చూసింది. పాలచెంబు కింద పెట్టి పెద్ద డబ్బా తెరిచింది. చిన్నదాని జోలికి పోలేదు, అంటే నా అనుమానం నిజమే. దేవుడి కోసం చేసిన ఉండ విరిచి నా నోట్లో పెట్టింది.

"బేగి నమలండి."

"ఇంకా సామికెట్టనేదు కదమ్మా," అంది వెనకనించి ఒక ముసలావిడ.

మా ఆవిడ వెనక్కి తిరగకుండా రెండో ఉండ విరిచింది.

నా వణుకు తగ్గాక అడిగింది, "ఇడ్లీలు తిన్నారా?"

"తిన్నాను."

డబ్బా మూత పెట్టేసింది. మా వంతు వచ్చింది. ఎంగిలిపడ్డ చిమ్మిలి పెట్టలేక ఉత్త పాలే పోసి, చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. లేచి నా దగ్గరికొచ్చింది.

"సామికి సెప్పుకున్నానండి, ఆయన ఊరుకుంటాడు. మీరు నాకు సెప్పకపోతే నానేటి సెయ్యగల్ను?"

ఒక్క ఇడ్లీయే తిన్నానని, నాలుగు యూనిట్లు ఎక్కువ వేసుకున్నానని అప్పుడు చెప్పాను. అంతవరకూ గట్టిగా నిలబడ్డ మనిషి, అంతమంది ముందూ అక్కడే కూలబడి ఏడ్చింది.