గోల్ పడ్డప్పుడు మేమేం మాట్లాడుతున్నాం

మా అమ్మాయి చదివే కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు అభిమానులం మేము. ఆ సంగతి మేమే చెప్పుకోవాలి, మమ్మల్ని చూసి ఎవరూ కనిపెట్టలేరు. శనివారం సాయంత్రం మైదానం పక్కనున్న సిమెంటు మెట్ల మీద ముగ్గురం తెలుగువాళ్ళం చేరతాం. ఒకాయన పెద్దాయన, ఒకప్పుడు లారీ నడిపేవాడు. ఆయన మనవరాలు ఈ జట్టులో ఆడేది. ఆ పిల్ల చదువు ముగించి, పెళ్ళి చేసుకుని, బిడ్డను కూడా ఎత్తుకుంది, ఈయన మాత్రం మెట్లు వదల్లేదు. రెండో ఆవిడను అందరం పిన్ని అంటాం. ఆవిడ కూతురు ఎప్పుడూ బెంచీ మీదే కూర్చుంటుంది, కాబట్టి పిన్నికి ఆట చూడాలన్న తొందర లేదు. మూడోదాన్ని నేను.

ఆట గురించి తప్ప అన్నీ మాట్లాడుకుంటాం. మా వాట్సాప్ గ్రూపుకు జట్టు పేరే పెట్టుకున్నాం గానీ, అందులో పోయిన నెలంతా నడిచింది పిన్ని మామిడి చెట్టు మీదికి వచ్చే కోతుల గొడవ. నన్నేమీ అనకండి. మలేషియాలో, బంటింగ్ అనే ఊళ్ళో ఒక క్లినిక్ కౌంటర్లో పని చేస్తాను. వారమంతా మలయ్‌లోనూ తమిళంలోనూ "కార్డు ఇవ్వండి, అక్కడ కూర్చోండి" అని చెప్పి చెప్పి, శనివారం నాడు తెలుగు దొరికితే నా నోరు ఊరుకోదు.

ఆ రోజు జట్టుకు ఆ ఏటి ఆఖరి ఆట. మా అమ్మాయికి కాలేజీలోనే ఆఖరి ఆట. వచ్చే నెల నుంచి ఎక్కడో దూరాన జోహోర్‌లో ట్రైనింగు. మూడేళ్ళూ వెనకవైపు కాపలా కాయడమే తన పని, ఒక్క గోలూ కొట్టలేదు. క్లినిక్ నుంచి బైకు మీద నన్ను తీసుకొస్తూ అంది, "అమ్మా, ఇయ్యాల కోచ్ నన్ను ముందర ఆడమన్నారు. ఒక్క గోలైనా కొడతాను. అది నువ్వు సూడాల. కబుర్లాడకు లా."

మాట చివర ఆ "లా" ఇక్కడందరికీ ఊతపదం. ఇంట్లో నేను తెలుగులో అడిగితే తను తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబిస్తుంది. అంత పొడుగు మాట తెలుగులో చెప్పిందంటే పిల్ల మనసులో ఎంత ఆశ ఉందో నాకు అర్థమైంది. సరేనన్నాను.

మొదటి సగం నిజంగానే చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిన్ని మురుకుల డబ్బా తెరిచినా కళ్ళు తిప్పకుండా నమిలాను. "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదా?" అని పిన్ని నా నుదురు కూడా పట్టి చూసింది. ఇంత బుద్ధిగా నేను బడిలో కూడా కూర్చోలేదు.

రెండో సగం మొదలయ్యాక, ఒకావిడ మెట్లెక్కి వచ్చి, ఇక్కడ కూర్చోవచ్చా అని తమిళంలో అడిగి కూర్చుంది. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. "ఆ, వచ్చినాను. ఇంకా అవనేదు," అంది ఫోనులో.

మా మూడు తలలూ ఒక్కసారి తిరిగాయి.

ఈ దేశంలో కొత్త తెలుగు మనిషి కనిపిస్తే పేరు అడిగేది చివర్లో, ముందు వాళ్ళ పెద్దలు కూలికి వచ్చిన తోట ఏదో అడుగుతాం. "మీది ఏ ఎస్టేటమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"బాగన్ దాతుక్ కాడ కొబ్బరి ఎస్టేటు. ఇప్పుడు క్లాంగ్‌లో ఉంటన్నాము," అందావిడ. మైదానం వైపు చూపించి, "అదిగో, అవతల జట్టు గోల్ కాడ ఉన్నాది నా కూతురే," అని కూడా చెప్పింది.

మా అమ్మ పుట్టింది ఆ ఎస్టేటులోనే. ఇంక నేనేం చెయ్యను చెప్పండి?

"ఏ లైన్లో ఉండేవోరు?" అన్నాను. ఎస్టేటులో కూలీల ఇళ్ళ వరసల్ని మేము లైన్లంటాం.

"రెండో లైను. మా నాన్న కొబ్బరి ఎండబెట్టే షెడ్డుకి మేస్త్రీ."

"ఎడం సేతి వాటం మేస్త్రీయా?"

"అవును లా. మీకెలాగ తెలుసు?"

తెలియకేం! ఆ ఎడమచేతి మేస్త్రీ మా అమ్మకు సొంత పినతండ్రి కొడుకు. ఎస్టేటు అమ్మేశాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ అన్నయ్య ఎక్కడున్నాడో అని మా అమ్మ పోయేదాకా తలుచుకునేది. పిన్ని అప్పటికే ఫోను ఎత్తి పట్టుకుంది. "మళ్ళీ సెప్పండమ్మా, గ్రూపులో పెడతాను," అని మా ఇద్దరినీ వీడియో తీయసాగింది.

"అయితే మీరు నాకు వదిన," అని ఆవిడను వాటేసుకున్నాను.

అప్పుడు పెద్ద అరుపు వినిపించింది. మెట్ల మీద అందరూ లేచారు. అందరూ లేస్తే లేవడం మాకు అలవాటే గనక మేమూ లేచి చప్పట్లు కొట్టాం.

"ఎవలు కొట్టినారు?" అన్నాడు పెద్దాయన.

చూశాను. మా పిల్లలందరూ గోల్ దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. అందరి కింద నుంచి బయటికి కనిపిస్తున్నది మా అమ్మాయి జడ. గోలు కొట్టింది తనే.

ఆ ఒక్క గోలుతోనే ఆట ముగిసింది. చెమటతో, మట్టితో మా అమ్మాయి మెట్ల దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సూసినావా?"

"సూడకేటి?" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

పిల్ల ఇంకేదో వినాలని నిలబడింది. నా మీద జాలితో పెద్దాయన అందుకున్నాడు, "తలతో భలే కొట్టినావు తల్లీ." సరిగ్గా అదే సమయంలో పిన్ని, "అంత దూరం నుంచి తన్నినావు," అంది. పిల్ల మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. వీడియో తీశారా అని అడిగింది. చేతిలో ఫోను ఉందన్న సంబరమే తప్ప అందులో ఏముందో పిన్నికి గుర్తు రాలేదు, చటుక్కున ఇచ్చేసింది.

అందులో మా వదిన మొహం ఉంది. ఎడమచేతి మేస్త్రీ గారి ముచ్చట ఉంది. వదినా అంటూ నేను మీద పడటం ఉంది. వెనకాల అరుపు బాగా రికార్డయింది. ఆ అరుపుకు మాలో ఒక్కరి తలా తిరగలేదన్నది కూడా స్పష్టంగా కనిపించింది.

మా అమ్మాయి ఫోను తిరిగి ఇచ్చేసింది. "మూడేళ్ళమ్మా," అంది. అంతే.

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. పిల్ల అరవలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మూడేళ్ళూ ఒక్క శనివారం మానకుండా వచ్చాను. వచ్చి ఏం చేశాను?

"మళ్ళీ కొట్టు," అన్నాను. "ఇప్పుడే. ఇక్కడే. నేను సూస్తాను."

వదిన తన కూతుర్ని గోల్ దగ్గర నిలబడమంది. ఆ పిల్ల చేతి తొడుగులు విప్పేస్తూ, ఇవాళ్టికి ఒకటి చాలని తమిళంలో ఖచ్చితంగా చెప్పేసింది. అందులో తప్పేమీ లేదు. అందుకని చెప్పులు విడిచి, క్లినిక్ యూనిఫారంతో నేనే వెళ్ళి గోల్లో నిలబడ్డాను. పెద్దాయన, పిన్ని, వదిన ఒక గోల్ స్తంభం పక్కన వరసగా నిలబడ్డారు. ముగ్గురి కళ్ళూ బంతి మీదే.

మా అమ్మాయి బంతి పెట్టి, వెనక్కి నడిచి, పరుగందుకుంది. నేనెప్పుడూ తనను మెట్ల మీద నుంచి, దూరంగా, వేలెడంత మనిషిగానే చూసినదాన్ని. ఇప్పుడు ఎదురుగా వస్తోంది. కింది పెదవి పళ్ళ మధ్య బిగించింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. అమ్మ నిలబడిందన్న ధ్యాసే లేదు ఆ కళ్ళలో. ఇంట్లో సోఫాలో ఫోనుతో ముడుచుకుని, అన్నానికి పది పిలుపులు పిలిస్తే గానీ లేవని పిల్ల కాదు ఇది. ఎవరీ అమ్మాయి, ఇంత ధైర్యం ఎక్కడిది దీనికి అనిపించింది. నా వెనకాల వల కదిలిన చప్పుడైంది.

"సూసినావా?"

అవునంటే సరిపోయేది. "నేదమ్మా," అన్నాను. "బంతి సూడనేదు. నీ మొగమే సూస్తా ఉండిపోయినాను."

నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నన్నలాగే చూసింది. పెద్దాయనకు నవ్వొస్తే పిన్ని ఆయన మోచెయ్యి పొడిచింది. మా అమ్మాయి నా పక్క నుంచి వెళ్ళి, వంగి వలలోంచి బంతి తీసుకుంది. భుజంతో కళ్ళు తుడుచుకుంది. తిరిగి వెళ్ళి బంతిని మళ్ళీ అదే చోట పెట్టింది.

"ఈసారి నన్ను సూడకు. బంతి సూడు," అంది.