లాలాగూడలో అక్క ఉప్పు చూసిన రోజు

ఈ బ్లాగులో మీరు ఇప్పటిదాకా నేను ఊరూరా తిరిగి తిన్న కబుర్లే చదివారు. ఈసారి తినడానికి కాదు, తినిపించడానికి వెళ్లాను. సికింద్రాబాద్ లాలాగూడలో మా సుగుణక్క ఉంటుంది. అమ్మ పోయేనాటికి నేను బడికి కూడా వెళ్లని పిల్లవాణ్ని, అక్కకు పదహారేళ్లు. ఆ తర్వాత నేను తిన్న ప్రతి మంచి ముద్దా ఆమె చేతిదే. చింతచిగురు రోజులొస్తే ఆమె వండే మాంసం కూర కోసం ఏటా కాజీపేటలో రైలెక్కడం నాకు అలవాటు. ఈ ఏడు చలి తగ్గేవేళకు అక్కకు గుండె జబ్బు చేసి ఆస్పత్రిలో చేర్చారు. మందులు పనిచేశాయి, ఆయాసం తగ్గింది, ఇంటికొచ్చింది. వచ్చాక తిండి మానేసింది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేస్తోందని, పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ బరువు తగ్గుతోందని, ఇలాగే నీరసించిపోతే మళ్లీ చేర్చుకోక తప్పదని డాక్టరు అన్నాడని మా బావ జోసఫ్ ఫోన్ చేశాడు. “జెర నువ్వొచ్చి చెప్పు. నేను చెప్తె ఇంటలేదు” అన్నాడు. రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలను విప్పి బిగించిన మనిషి ఆయన. ఆయన ఒకరిని సాయం అడగడం నేనెప్పుడూ వినలేదు.

ఆ శనివారం సాయంత్రమే వాళ్లింట్లో కృతజ్ఞతా కూడిక కూడా ఉంది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పెద్ద జబ్బు నుంచి బయటపడితే ప్రార్థన పెట్టించి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ భోజనం దాదాపు ఎప్పుడూ మటన్ బిర్యానీయే. గుండె జబ్బు నుంచి బయటపడినా సరే, బిర్యానీయే.

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు పొద్దున పూట రైళ్లకు కొదవ లేదు. ఏడింటి ప్రాంతంలో ఎక్కితే పది లోపే దిగొచ్చు. నిలబడే ఓపిక ఉంటే జనరల్ టికెట్ వంద లోపే. లాలాగూడ వెళ్లేవాళ్లు అలవాటుగా ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు నడవకండి, అక్కడి రద్దీలో ఆటో దొరకబుచ్చుకోవడమే ఒక పని. పదో నంబరు వైపు నుంచి బయటికొస్తే చిలకలగూడ, మెట్టుగూడ మీదుగా పావుగంట ప్రయాణం. ఆటో అతను నూట యాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. చిలకలగూడలో మేం పెరిగిన సందు దాటుతుంటే మెడ చాచి చూశాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, నాలుగంతస్తుల భవనం లేచింది. ఎవరింట్లోనో తిరగమోత వేస్తున్నారు. ఒక్క క్షణం అక్క వంటింట్లో నిలబడి నన్ను అన్నానికి పిలుస్తున్నట్టే అనిపించి కళ్లు చెమ్మగిల్లాయి.

నా సంచిలోంచి నూనె కారి వాసన రావడంతో డ్రైవరు వెనక్కి తిరిగాడు. ఏం పచ్చడి అని అడిగితే ఉసిరికాయ పచ్చడని, ఒంట్లో బాగాలేక నోరు చచ్చిపోయిన మా అక్క కోసమని గొప్పగా చెప్పాను. ఏం జబ్బని అడిగితే అదీ చెప్పాను. అతను సిగ్నల్ దగ్గర బండి ఆపి, “గుండె తక్లీఫున్నోళ్ల ఇంటికి పచ్చడి తీస్కపోతున్నరా సార్?” అన్నాడు. అక్క దగ్గరికి ఏదో ఒక పచ్చడి సీసా లేకుండా నేనెప్పుడూ వెళ్లలేదు, చేతులు వాటంతటవే సర్దేశాయి. దిగేటప్పుడు సీసా అతనికే ఇచ్చేశాను. “ఇటియ్యిండ్రి, మా ఇంట్ల అందరి గుండెలు మంచిగనే ఉన్నయి” అని పుచ్చుకున్నాడు. కిరాయిలో మాత్రం రూపాయి తగ్గించలేదు.

ఇవ్వడమే మంచిదైంది. తలుపు తీసిన బావ పలకరింపు కూడా పూర్తి కాకముందే నా సంచి తడిమాడు. తర్వాత తెలిసిందేమంటే, ఇంట్లో ఉప్పు డబ్బా ఇనుప బీరువాలో పెట్టి తాళం చెవి బనీను జేబులో వేసుకు తిరుగుతున్నాడట. ఎవరి వంటకు ఉప్పు కావాలన్నా ఆయన్ని అడగాలి. అక్కకు మూడు పూటలా గంజి, ఉప్పులేని ఉడికించిన సొరకాయ, మధ్యలో రొట్టె, బిస్కెట్లు. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నన్ను చూసి నవ్వి, బావ లోపలికి వెళ్లాక మెల్లగా చెప్పింది. “ఆయన మెట్ల మీద కూసొని ఆవకాయ తింటడు తమ్మీ, నాకు కనవడకూడదని. వాసనకు తలుపు అడ్డమా?” నవ్వుతూనే అంది గాని కళ్లలో నీళ్లున్నాయి. ఏం తినబుద్ధవుతోందని అడిగాను. “ఎన్కటి రుచి ఒక్కసారి నోట్లె వడితె చాలు. అది లేని తిండి నాకెందుకు?” అంది.

బావ దగ్గర నంబరు తీసుకుని ఆస్పత్రిలో తిండి సంగతులు చెప్పే మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆమె ఓపికగా చెప్పిన మాటలు మీకూ పనికొస్తాయి. ఉప్పు తగ్గించమన్నారే గాని అన్నం మాన్పించమనలేదు, ఇలా బక్కచిక్కిపోవడం గుండెకు ఇంకా చేటు అంది. పప్పు, చేప, తోలు తీసిన కోడి మాంసం, ఆకుకూరలు, ఉప్పు వేయని గుప్పెడు పల్లీలు పెట్టమంది. నూనె తక్కువ, వనస్పతి అసలు వద్దంది. పులుపు, మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీర ధారాళంగా వేస్తే ఉప్పు లోటు కొంత తీరుతుందంది. రొట్టెలోనూ బిస్కెట్లలోనూ ఉప్పు ఉంటుందని ఆమె చెబుతుంటే, స్పీకర్‌లో వింటున్న బావ ముఖం పాలిపోయింది. తక్కువ సోడియం ఉప్పులని అమ్మేవి కూడా డాక్టర్ని అడగకుండా వాడొద్దట, కొన్ని మందులతో కలిస్తే ప్రమాదమట. ఫోన్ పెట్టేశాక బావ అక్క పక్కనున్న బిస్కెట్ల పొట్లం తీసేశాడు. “తగ్గియ్యమంటె నేను మొత్తం బంద్ జేసిన. భయమైంది రా” అని తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. అంతదాకా ఆయన మీద ఉన్న నా కోపం అక్కడే ఆవిరైపోయింది.

లాలాగూడ నుంచి మోండా మార్కెట్‌కు ఆటోలో ఇరవై నిమిషాలు. చింతచిగురు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే వాడిపోయినదే మిగులుతుంది. నేను ఆలస్యంగా వెళ్లినా ఒక పెద్దామె గోనెపట్టా కింద తడిగా దాచిన చిగురు దొరికింది. దారిలో బొచ్చె చేప ముక్కలు కొట్టించుకుని ఇంటికొచ్చేసరికి పన్నెండయింది. అక్క చిగురు వాసన చూసి, నాకు ఈనెలు ఏరడం రాదని తిట్టి, తనే చాట ముందు పెట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక వంటింట్లో కూర్చోవడం అదే మొదటిసారట. ఆమె చెబుతుంటే నేను వండాను. వెల్లుల్లి, మిరియాలు, చిగురు మామూలుగా కంటే రెట్టింపు వేశాం. మేడమ్ చెప్పిన కొలతలో అక్క రోజు వంతు ఉప్పు చిన్న గిన్నెలో తీసిపెట్టి, అందులోంచే చిటికెడు తీశాం. కూర చాలా బాగా కుదిరిందని నేను సంబరపడ్డాను. అక్క మూడు ముద్దలు తిని ఆపేసింది. “మంచిగనే ఉంది. కానీ ఇది అది కాదు తమ్మీ” అని చేయి కడుక్కుంది. ఆ మధ్యాహ్నం నాకూ అన్నం సహించలేదు. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందేనని మనసులో గట్టిగా అనుకున్నాను.

సాయంత్రానికి డాబా మీద షామియానా వేశారు. బోయిగూడ నుంచి యాదగిరి వచ్చి కింద వాకిట్లో పొయ్యి పెట్టాడు. ఆ చుట్టుపక్కల కూడికలకూ పెళ్లిళ్లకూ చాలా ఏళ్లుగా అతనే వండుతున్నాడు. అతనికో పద్ధతి ఉంది. మా సంఘంలో ఎవరింట వంట అయినా సుగుణమ్మ ఉప్పు చూశాకే పంక్తికి పంపుతాడు. తన చేతివంట తనకు తెలియదని అంటాడు. ఆ రోజూ ప్రార్థన అయ్యాక, దమ్ము తీసిన గిన్నెలోంచి గరిటెతో కాస్త బిర్యానీ తీసుకుని మామూలుగా మెట్లెక్కి వచ్చాడు. “ఉప్పు చూడున్రి అమ్మా” అన్నాడు. బావ ఉలిక్కిపడి అడ్డం వచ్చాడు. అక్కను లోపలి గదిలో కూర్చోబెట్టి ముందే గంజి ఇచ్చేద్దామని ఆయన ఏర్పాటు. అప్పటికే అక్క అరచేయి చాపింది. ఆ చేయి చూస్తే నాకు కాదనబుద్ధి కాలేదు. నాలుగు మెతుకులే కదా, కానివ్వమని బావకు చెప్పాను.

అక్క కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. ఇన్నాళ్లుగా కోరుకున్నది ఇదే కదా, ఇప్పుడైనా మొహం వికసిస్తుందని చూస్తున్నాను. ఆమె నొసలు ముడిపడింది. “ఉప్పు కషం అయింది యాదగిరీ” అంది. కషమంటే మా మాటలో మరీ ఎక్కువని.

యాదగిరి గాభరాపడి తను రుచి చూశాడు. బావ చూశాడు, నేను చూశాను. ఉప్పు సరిగ్గా ఉంది. యాదగిరి బిర్యానీ ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఎప్పటి లెక్కనే వేశానని అతను దీనంగా అంటే, అక్క మా ముగ్గురి ముఖాలూ చూసింది, తర్వాత ఖాళీ అరచేయి చూసుకుంది. “అట్లయితె మారింది నేనే” అంది. కాసేపటికి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను. ఏ రుచి కోసం ఇన్ని వారాలు అన్నం వదిలేసిందో, ఆ రుచి ఎదురొచ్చేసరికి ఉప్పునీళ్లలా తగిలింది. ఇక తక్కువ ఉప్పుతోనే తినగలదని నాకు సంతోషమూ వేసింది, ఆ పాత రుచి ఆమెకు పోయిందని బాధా వేసింది.

కొంగుతో మొహం తుడుచుకుని, “పగటి కూర ఉన్నదా తమ్మీ?” అని అడిగింది. పరుగున తెచ్చాను. లోపలి గదిలోకి వెళ్లనని చెప్పి అందరితో పాటు పంక్తిలోనే కూర్చుంది. చింతచిగురు చేప కలుపుకుని మొదటి ముద్ద మెల్లగా తిని, రెండోది తిని, ఇక తల ఎత్తలేదు. కంచం ఖాళీ అయ్యాక మరికాస్త అన్నం పెట్టించుకుంది. బావ తన విస్తట్లో బిర్యానీ పక్కకు జరిపి, ఆమె కూర ఒక చెంచా వేయించుకుని రుచి చూశాడు. “సప్పగుందే” అన్నాడు. “నాకైతె లేదు” అంది అక్క.

మర్నాడు తిరుగు రైల్లో ఒళ్లో చిన్న డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. అందులో అక్క తన చేత్తో వండిన చింతచిగురు ఉంది. ఘట్‌కేసర్ దాటేదాకా ఆ పాత మాంసం కూరే గుర్తొస్తోంది. అక్క ఉన్నంతకాలం అది ఉంటుందనుకున్నాను. అక్క ఉంది, ఇంకా చాలాకాలం ఉండాలి, కానీ ఆ కూర ఇక రాదు. ఈ తేడాకు నేను సిద్ధపడలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉప్పు తగ్గించాల్సి వస్తే ఒక్క పని చేయండి. డాక్టరు చెప్పిన రోజు వంతు ఉప్పు పొద్దున్నే చిన్న గిన్నెలో కొలిచి, మూడు పూటలా అందులోంచే వాడండి. నాలుకకు కొన్ని వారాలు గడువివ్వండి, అందాకా కంచం ముందు వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టకండి. ఇంటికొచ్చి ఆ డబ్బా తెరిచి రుచి చూశాను. బావ అన్నది నిజమే, చప్పగా ఉంది. చేయి ఉప్పు డబ్బా మూత తీసింది. అక్క ఈ రుచి దాకా ఒక్కతే నడిచి వచ్చిందని గుర్తొచ్చి, మూత పెట్టేసి అలాగే కలుపుకున్నాను.