అద్దం వెనక ఉప్పలమ్మ

నార్కట్‌పల్లి చౌరస్తాలో పటాలు కట్టే కాటమయ్యది మామూలు పిచ్చి కాదు. బట్టల్లేని ఆడమనిషి బొమ్మలు పోగేసేవాడు. మూతి విరవకండి, అతని చూపులో చెడు లేదు. హైదరాబాదు చిత్రకారుడొకాయన సినిమా పోస్టర్ల రంగులు తెచ్చి, పచ్చటి ఒళ్లు, గులాబీ జుట్టుతో ఒకే మనిషిని రకరకాలుగా అచ్చు వేసి, కింది అంచున పెన్సిలుతో సంతకం చేసేవాడు. పటాలు కట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా కాటమయ్యకు ఒక బొమ్మ ఇచ్చి పోయేవాడు. విలువ కట్టడం కూడా ఆయనే నేర్పాడు. సంతకం చేత్తో చేసిందా, అచ్చులో వచ్చిందా, అంచులు ఎవరైనా కత్తిరించారా అని కాటమయ్య భూతద్దం పెట్టి చూసి చెప్పేవాడు. వాటిని సందూకులో దాచుకుంటే భార్య అండాలు తిట్టని రోజు లేదు.

పందొమ్మిది వందల అరవై ఐదులో ఆ చిత్రకారుడు పోయాడు. బొమ్మలకు ఒక్కసారిగా గిరాకీ లేచింది. అప్పుడే కంకర కొట్టే ఉప్పలమ్మ దుకాణానికి వచ్చింది. ఆ బొమ్మల్లో మనిషి తనేనని, కరువులో కూలి దొరక్క ఆయన ముందు కూర్చున్నానని సిగ్గుపడకుండా చెప్పింది. ఆమె అడిగింది ఒక్కటే.

"ఎవరికన్న అమ్ముకో అన్నా. అద్దం మాత్రం కట్టకు. నేనింక బతికే ఉన్న గద."

ఆ చుట్టుపక్కల అద్దం పటం దేవుళ్లకు, లేదంటే పోయినవాళ్లకే. బతికున్న మనిషికి కడితే ఆయుష్షు మూసినట్టేనని భయం. కాటమయ్య తన పనిముట్ల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు.

కానీ పొగడ్త చెడ్డది! హైదరాబాదు నుంచి కారులో వచ్చిన షావుకారు "నీలాంటి పారఖీ, బొమ్మ విలువ తెలిసినవాడు ఈ జిల్లాలోనే లేడు" అనేసరికి కాటమయ్య ఉబ్బిపోయాడు. అద్దం లేకపోతే దుమ్ము పడుతుంది, కట్టి ఇస్తేనే తీసుకుంటానన్నాడు షావుకారు. మంచి బొమ్మ ఏరి, కాటమయ్య మర్నాడు పొద్దున్నే పటం కట్టాడు. అద్దం తుడిచాడు. ఇన్నేళ్లుగా పోయినవాళ్ల పటాలకు మొదటి బొట్టు తనే పెట్టి ఇవ్వడం అలవాటు. ఆ చెయ్యి ఆగలేదు. ఉప్పలమ్మ నుదుటి మీద కుంకుమ పడ్డాకగానీ తనేం చేశాడో తెలియలేదు. గబగబా తుడిచాడు, మరక పోలేదు. పటం కోసం వచ్చిన షావుకారు నవ్వి, ఇదీ బాగుందంటూ పటం కారులో పెట్టించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఉప్పలమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంది. కాటమయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

"పొద్దటి సంది ఇంట్ల ఎవరూ నాతోని మాట్లాడతలేరన్నా," అంది ఆమె. "మా అవ్వను పిలిస్తే గూడ పలుకుతలేదు."

ఆ మాట వినగానే కాటమయ్య చెప్పులు కూడా తొడుక్కోకుండా వడ్డెర గుడిసెల దాకా పరుగెత్తాడు. వాకిట్లో ఉప్పలమ్మను పడుకోబెట్టి ఉన్నారు. పొద్దున కంకర కొడుతూ కొడుతూ ఒరిగిపోయిందని తల్లి గుండెలు బాదుకుంటోంది. తిరిగొచ్చేసరికి ఆమె మెట్టు మీదే ఉంది. అండాలు చీపురుతో ఆమె కూర్చున్న చోటే ఊడ్చుకుంటూ పోయింది.

ఆ రోజు నుంచి కాటమయ్య అద్దం పట్టలేదు. ఆ పటం విప్పితే ఆమెకు విముక్తి దొరుకుతుందేమోనని హైదరాబాదు వెళితే, షావుకారు ఇల్లు అమ్మేసి ఎటో పోయాడన్నారు. సందూకులో బొమ్మలు అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేశాడు. పగలంతా మెట్టు దగ్గర కూర్చుని ఒక్కడే మాట్లాడేవాడు. మతి పోయిందని చౌరస్తా జనం జాలిపడ్డారు. పోనీ, అనుకోనీ. ఆమెను పలకరించేది లోకంలో అతనొక్కడే. ఆ పలకరింపు మానడానికి అతనికి మనసొప్పలేదు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో కాటమయ్యకు దగ్గులో రక్తం పడింది. దవాఖానలో పెదవి విరిచారు. ఇంటికి తెచ్చి మంచం మీద వేస్తే, ఉప్పలమ్మ మొదటిసారి మెట్టు వదిలి ఇంట్లోకొచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, అంతా భయమే.

"నువ్వు గూడ పోతే," అంది, "నాతోని ఎవరు మాట్లాడతరన్నా?"