గులాబీ రంగు కోడిపిల్లలు

ఒక్క మధ్యాహ్నం పూట, ఎవరి సాయమూ లేకుండా, గంపెడు ప్రాణాలను చావు అంచుదాకా తీసుకెళ్లిన ఘనత నాది. పైగా అది చెడ్డ ఉద్దేశంతో చేసిన పని కాదు, వాటిని కాపాడుదామని చేసిన పని. చెడగొట్టాలనే పూనుకుని ఉంటే అంత బాగా చెడగొట్టగలిగేదాన్ని కాదు. ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి. కానీ మీ కోడళ్లకు మాత్రం చదివి వినిపించకండి.

రెండో ప్రపంచ యుద్ధానికి మూడు నాలుగేళ్ల ముందు మాట. నాకప్పుడు పదిహేడేళ్లు. ఏలూరులో థర్డ్ ఫారం దాకా చదివి, కలిదిండి అవతల కొల్లేటి ఒడ్డునున్న ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. పదిహేను రోజులకోసారి వచ్చి, పులుసు బాగుందని చెప్పి వెళ్లిపోయేవారు. ఇంట్లో మిగిలింది అత్తగారు, మామగారు, నేను, అత్తగారి కోళ్లు. కోళ్లను చివర రాశాను గాని, ఆ ఇంట్లో వాటి స్థానం మామగారికన్నా ఒక మెట్టు పైనే ఉండేది. మామగారి భోజనం ఆలస్యమైన రోజులున్నాయి గాని కోళ్ల నూకలు ఆలస్యమైన రోజు నాకు తెలిసి లేదు.

ఆ మార్గశిరంలో అత్తగారి నల్లపెట్ట పదకొండు పిల్లల్ని చేసింది. అవి గుడ్లు పగలగొట్టుకుని వచ్చి వారం తిరక్కుండానే భీమడోలులో అత్తగారి అన్నగారి అమ్మాయి పెళ్లి వచ్చిపడింది. పెళ్లికి ఎనిమిది రోజులు వెళ్లాలి. పిల్లల్ని వదిలి వెళ్లలేక, పెళ్లి మానలేక ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆఖరికి నన్ను పెరట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు పిల్లల్ని బయటికి వదలాలి. వదిలినంతసేపూ కర్ర పట్టుకుని పక్కనే కూర్చోవాలి. గద్ద కనిపిస్తే అదిలించాలి. మిగతా వేళంతా తల్లితో సహా గంప కింద పెట్టాలి. అంతే. ఇందులో బుర్ర ఉపయోగించవలసిన పని ఏమీ లేదని కూడా చెప్పారు. ఆ ఆఖరి మాట నేను వినిపించుకోలేదు.

అత్తగారు పడవెక్కి కొల్లేరు దాటిన రోజు నుంచి నేను కర్ర పట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాను. కొల్లేటి గద్దల సంగతి మీకు తెలియదు. చేపలు తిని తిని విసుగెత్తినప్పుడు నోటికి మార్పు కోసం ఊళ్ల మీద పడతాయి. అందులో ఒకటి మా పెరటి మునగచెట్టు కొమ్మ మీద, పెత్తనానికి వచ్చిన బంధువులా రోజూ వచ్చి కూర్చునేది. రెండు రోజులకు నా మెడ పట్టేసింది. మూడో రోజు అది నిజంగానే దిగింది. నేను కర్ర అక్కడే పారేసి వంటింట్లోకి పరుగెత్తాను. గద్ద నా పరుగు చూసి బెదిరి పైకి లేచిపోయింది గనుక పిల్లలు బతికాయి.

ఆ మర్నాడు గాజులమ్మే ఆవిడ వచ్చి, నా దిగులు విని ఒక ఉపాయం చెప్పింది. వాళ్ల ఊళ్లో కోడిపిల్లల రెక్కల మీద కాస్త రంగు రాస్తారట. అలవాటు లేని రంగు చూసి గద్ద అనుమానపడి దిగదట. ఆవిడ చెప్పింది రెక్కల మీద, కాస్త. ఏలూరు చదువు చదువుకున్నదాన్ని, కాస్తతో సరిపెట్టుకుంటానా? నా పెట్టెలో వెలిసిపోయిన చీరకు వేద్దామని పుట్టింటి నుంచి తెచ్చుకున్న గులాబీ రంగు పొట్లం ఒకటి ఉంది. దాని మీద ఎలా వేయాలో తెలుగులో అచ్చు వేసి ఉంది. చదువు వచ్చిన కోడలికి ఇంకేం కావాలి?

గోరువెచ్చని నీళ్లలో రంగు కలపవలెనని ఉంది. గంగాళంలో కలిపాను. గుప్పెడు ఉప్పు వేయవలెనని ఉంది. వేశాను. అంతటా సమంగా తడియునట్లు ముంచవలెనని ఉంది. కట్టెల సందుల్లోంచీ, దడి కిందనుంచీ, తొట్టి చాటునుంచీ కంటికి కనిపించిన ప్రతి బొచ్చు ముద్దనూ పట్టుకుని మెడదాకా ముంచాను. తలలు ముంచలేదు, అంతమాత్రం తెలివి ఉంది. తలలకు వేలితో రాశాను. పిండకుండ నీడలో ఆరవేయవలెనని ఉంది. పిండకుండ అని రాసినవాడికి ఆ పిల్లలు జన్మజన్మలా రుణపడి ఉండాలి. ఎండ కాస్తున్న పెరటిని వదిలేసి, ఇంటి వెనక నీడపట్టున, కొల్లేటి మీదనుంచి చలిగాలి నేరుగా తగిలే చోట వాటిని చాటలో పెట్టి ఆరవేశాను.

చూడడానికి మాత్రం ముచ్చటగా ఉన్నాయి, గులాలులో దొర్లించిన దూది ఉండల్లా. గద్ద వచ్చింది, ఒక చుట్టు తిరిగి చూసింది, మళ్లీ ఆ రోజు కనిపించలేదు. ఆ మేరకు పథకం ఫలించిందనే చెప్పాలి. నేను గర్వంగా గంప ఎత్తి వాటిని నల్లపెట్ట ముందు వదిలాను. అది ఒకడుగు వెనక్కి వేసింది. ముందున్నదాని నెత్తి మీద ఠక్కున ఒక్క పోటు పొడిచింది. తర్వాత మెడ సాచి, నా వెనకాల ఎక్కడో తన సొంత పిల్లలున్నట్టు పెద్ద గొంతుతో పిలవడం మొదలుపెట్టింది. ఈ పిల్లలేమో అమ్మా అంటూ దాని కాళ్లలోకి వెళతాయి, అది తరిమికొడుతుంది.

ఇంకాసేపటికి అవి వెళ్లడం కూడా మానేశాయి. రెక్కలు వేలేసి, కళ్లు మూసుకుని, నిలబడ్డచోటే వణుకుతున్నాయి. కిచకిచలు సన్నగిల్లాయి. అప్పుడు గాని నేను చేసింది చీరకు కాదని నాకు తెలిసిరాలేదు. వాటిని మళ్లీ చాటలోకి ఏరుకుని, దాని ముందు కూలబడి ఏడ్చాను. అత్తగారి భయం ఒక పక్క ఉంది గాని, నిజం చెప్పాలంటే ఆ సమయంలో అది గుర్తు లేదు. వాటి కళ్లు మూతలు పడుతుంటే చూడలేకపోయాను.

సరిగ్గా అప్పుడే మామగారు పొలం నుంచి వచ్చారు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఎడ్లతో. చుట్ట నోట్లో పెట్టుకునే వంగి చాటలోకి చూశారు.

“అమ్మాయ్, ఇయ్యేంటి?”

“కోడిపిల్లలండి.”

“ఎవరియ్యి?”

“మనయ్యేనండి, మామయ్యగారూ.”

ఆయన చుట్ట తీసి పక్కన పెట్టారు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. చెయ్యి కూడా గులాబీ రంగయింది. “మీ అత్తకి తెలుసా?” అని అడిగారు. తెలీదండి అన్నాను. పిల్లను మళ్లీ చాటలో పెట్టి, “ముందు బతికిద్దాం. తర్వాత మన సంగతి చూసుకుందాం” అన్నారు.

మన సంగతి అన్నారు చూడండి. నీ సంగతి అనలేదు. ఆ ఒక్క మాటకు ఆయనకు బతికున్నన్నాళ్లూ చారులో పోపు తగ్గకుండా చూసుకున్నాను.

నన్ను కుంపటి రాజెయ్యమన్నారు. తలుపులు మూసిన గదిలో తట్ట నిండా ఊక పోసి, పాత పంచె చింపి ఒక్కొక్కదాన్నీ తుడిచి అందులో కూర్చోబెట్టారు. కుంపటి మరీ దగ్గరగా పెట్టబోతే, రంగు వేసింది చాలు, కాల్చద్దు అన్నారు. వేణ్నీళ్లలో రెండు చుక్కల అల్లం రసం కలిపించి, గుడ్డ ఒత్తితో వాటి ముక్కుల్లోకి బొట్టు బొట్టుగా పట్టించారు. రెండు పిల్లలు మరీ మెడలు వేలాడేశాయి. వాటిని తన బనీనులో వేసుకుని గోడకు చేరగిలబడ్డారు. పొగ పడదేమోనని సాయంత్రం దాకా చుట్ట ముట్టుకోలేదు. ఆయన సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద త్యాగమో అర్థమవుతుంది.

పొద్దువాలే వేళకు చాలావరకు తలలెత్తి నానబెట్టిన నూకలు పొడిచాయి. నల్లపెట్ట అరిచి అరిచి అలిసి, గంప కింద కునుకుతోంది. మామగారు గంప ఒక పక్క ఎత్తి, వెనకనుంచి ఒక్కొక్క పిల్లనే దాని రెక్క కిందకు తోశారు. మసకచీకట్లో రంగు కనిపించదు గదమ్మా అన్నారు నాతో. అది గొణిగింది, కదిలింది, తర్వాత రెక్క సర్దుకుంది. తెల్లవారి గంప ఎత్తితే నల్లటి ఈకల్లోంచి గులాబీ తలలు బయటికి తొంగిచూస్తున్నాయి. పెట్ట వాటిని ఒక్కొక్కదాన్నీ ఎగాదిగా చూసింది గాని, పొడవలేదు. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఆ జబ్బు పిల్లలు రెండూ మాత్రం ఇంకో రెండు రోజులు మామగారి బనీనులోనే ఉన్నాయి. అవి కోతల రోజులు. పొలం వెళ్లకపోతే ఊరంతా అడుగుతుంది గనుక జ్వరమని చెప్పించి దుప్పటి కప్పుకున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లకు దుప్పట్లోంచి కిచకిచలు వినిపించాయి. ఛాతీలో పిల్లికూతలండి అని నేను చెప్పాను. ఒకాయన నిజంగానే భయపడి, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లమని బతిమాలాడు.

ఇంతలో పక్కింటి మాణిక్యమ్మగారు దడి దగ్గరకు వచ్చి గోల మొదలుపెట్టింది. తన బూడిదరంగు పెట్ట పిల్లల్లో ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయిందట. ఆ గద్ద కూర్చునేది మా మునగ కొమ్మ మీద గనుక తప్పు మాదేనట. ఇవాళ పెరట్లోకే వచ్చి ఆ కొమ్మ సంగతి తేలుస్తానంది. ఆవిడ పెరట్లోకి వస్తే మా గులాబీ సంసారం ఊరంతా తెలుస్తుంది. మామగారు జ్వరం మంచం మీదనుంచి లేచి, కత్తి తీసుకుని, ఆవిడ దడి దాటేలోగా కొమ్మ నరికేశారు. దాని నిండా లేత కాయలు. ఇంత చెప్పగానే వింటారనుకోని మాణిక్యమ్మగారు, జ్వరం తలకెక్కిందేమోనని జాలిపడుతూ వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులకు రావలసిన అత్తగారు ఏడో రోజునే వచ్చేశారు. పెళ్లిలో కూడా కోళ్లే కళ్లలో మెదిలాయట. కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి నడిచారు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మామగారు ఎడ్లకు గడ్డి వేయాలని బయలుదేరారు గాని, ఎడ్లు అప్పటికే తింటున్నాయి.

ఆవిడ కొమ్మ లేని మునగచెట్టును చూశారు. గులాబీ పిల్లల్ని చూశారు. వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు.

“అమ్మాయ్, నేను ఎన్ని పిల్లల్ని వదిలెళ్లాను?”

“పదకొండండి.”

“పన్నెండున్నాయేంటి మరి?”

అన్ని రోజుల్లో వాటిని నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు, తగ్గాయేమోనన్న భయంతో. ఎక్కువవుతాయని ఎవరు మాత్రం అనుకుంటారు? మామగారు ఒకసారి దగ్గారు. అది జ్వరం దగ్గు కాదు. జరిగిందంతా ఆయనే నాలుగు ముక్కల్లో చెప్పారు.

అత్తగారికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రేవులో దిగగానే మాణిక్యమ్మగారు ఎదురై గద్ద కథంతా చెప్పిందట. దడి దగ్గరకు వెళ్లి పిలిచారు.

“మాణిక్యం, నీ పిల్లని గద్దేం ఎత్తుకుపోలేదు. మా కోడలు ఎత్తుకొచ్చింది. వచ్చి తీసుకుపో.”

మాణిక్యమ్మగారు తన పెట్టను చంకలో పెట్టుకుని వచ్చి, పన్నెండు గులాబీ ముద్దల్ని చూసి నోరు తెరిచింది. తన పిల్ల తెల్లటిదని, ముత్యంలా ఉండేదని మాత్రం అనగలిగింది. తల్లి పిలిస్తే పిల్లే వస్తుందని పెట్టను కింద వదిలింది. అది క్లుక్ క్లుక్‌మంటూ పిలిచింది. పన్నెండు పిల్లలూ ఒక్కసారిగా తలలెత్తి, అందరూ చూస్తుండగా మామగారి దగ్గరకు పరుగెత్తి ఆయన పంచె కుచ్చిళ్లలో దూరాయి.

అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. తర్వాత నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. గుమ్మం పట్టుకున్న నా చేతులు అప్పుడు వదులయ్యాయి. మామగారు పది రోజుల పొగ లోపల దాచుకున్నవాడిలా చుట్ట వెలిగించారు.

మాణిక్యమ్మగారు అంచనా మీద ఒకదాన్ని పట్టుకెళ్లింది. నెల తిరిగి కొత్త ఈకలు వచ్చాక చూస్తే ఆవిడ తీసుకెళ్లింది నల్లది. ముత్యంలాంటిది మా ఇంట్లో ఉంది. అప్పటికి తల్లులకూ పిల్లలకూ అలవాటైపోయింది గనుక ఎవరూ మార్చుకోలేదు. ఆవిడ బాధల్లా మునగకాయల గురించే. నరికిన ఆ కొమ్మ కాయలు సగం వాళ్ల పెరట్లోకే వాలేవట.

ఆ తర్వాత అత్తగారు ఏ పెళ్లికి వెళ్లినా నన్ను వెంటబెట్టుకునే వెళ్లారు. భీమడోలు, ఏలూరు, వట్లూరు, ఎక్కడ పప్పన్నం పెడితే అక్కడ నేను. మొదటిసారి ఎందుకని అడిగితే ఆవిడ బట్టల సందూకం మూస్తూ చెప్పారు. “కోళ్లని మీ మామయ్య చూసుకుంటారు. నిన్ను ఇంట్లో వదిలితే ఈసారి గేదెకి రంగేస్తావు.”

అందుచేత పాఠకులారా, కొల్లేటి నీళ్ల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. ప్రాణంతో ఉన్న దేనికీ ఈ చేతులతో మళ్లీ రంగు వేయను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను గనుక, తల ముగ్గుబుట్ట అయిపోయి మనవరాళ్లు ఎంత పోరుతున్నా, జుట్టుకు కూడా వేసుకోలేదు.