అయిదింటి బడి

మా వదిన కెజయా పొద్దున్నే లేవడం చూస్తే కోడిపుంజుకి కూడా సిగ్గేయాలి. ఆ ఒక్క వేసవి చాలు, ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి.

యుద్ధం ముగిసి, అమెరికాకి ఇంగ్లండు రాజు పీడ వదిలి పదేళ్లు దాటింది. మా న్యూహాంప్‌షైర్ పల్లెలో పాదిరిగారు ప్రతి ఆదివారం ఒకటే పాట: కొత్త దేశానికి మంచి పౌరులు కావాలి, వాళ్లని పెంచే తల్లులకి చదువు కావాలి. అందరూ తలలూపేవారు. సోమవారం బడి తలుపు మాత్రం మగపిల్లలకే తెరుచుకునేది. మా ఈడు ఆడవాళ్లకి బైబిలు చదవడం వచ్చు, కలం పట్టడం రాదు. వదిన కూతురు లోయిస్‌కి పద్నాలుగేళ్లు. దానికి రాత కావాలి, లెక్కలు కావాలి. దానికంటే ఎక్కువగా వదినకి కావాలి.

ఊరి సభలో మగవాళ్లు తర్జనభర్జన పడి చివరికి ఒప్పుకున్నారు. వేసవిలో మగపిల్లలు రాకముందు, పొద్దున అయిదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకి బడి. ఒక్క పొద్దున తప్పిందా, ఇక ఆ మాటే ఎత్తకూడదు. ఈ మెలిక పెట్టింది చర్చి పెద్ద, డీకన్ బార్నబస్. బడి చెప్పే థాక్స్టర్ మాస్టారు ఎంత నిద్రమొహమో ఆయనకి బాగా తెలుసు.

"నెల తిరక్కుండా మూతపడుతుంది చూడు," అన్నాడు మా అన్నయ్య ఏసా. "అయినా అంత పొద్దున్నే లోయిస్‌ని పంపితే పనెవరు చేస్తారు?"

"నేను చేస్తా. నువ్వు హాయిగా పడుకో," అంది వదిన.

మాస్టారు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో కొన్నాళ్లు ఉండేవాడు. వదిన ఇంటింటికీ తిరిగి అందరి వంతులూ తనే పుచ్చుకుంది. ఆ వేసవంతా మాస్టారు మా అటక గదిలోనే! తెల్లవారకముందే కింద ఇత్తడి గిన్నె మీద గరిటె మోగేది.

"అమ్మా, ఇంకొక్క నిమిషం!"

"జావ చల్లారిపోతోంది మాస్టారూ. లేస్తారా, బిందెడు నీళ్లు తెమ్మంటారా?"

పాపం, లేచేవాడు. ఎండైనా వానైనా బడి తప్పలేదు.

ఆఖరి వారంలో ఒక పొద్దున గరిటె ఎంత మోగినా పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. వెళ్లి చూస్తే మంచం ఖాళీ! ముందురోజు డీకన్ విందుకి పిలిచి, పులిసిన ఆపిల్ రసం మీద రసం పోయించి, తన ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాడట. కావాలనే చేశాడని నేను ఇప్పటికీ అంటాను.

వదిన పరుగు, వెనకే నేను. డీకన్ ఇంట్లో మాస్టారు గుర్రుపెడుతున్నాడు. కుదిపినా, చెవి మెలిపెట్టినా కదల్లేదు. వదిన ఆయన కోటు జేబులోంచి బడి తాళంచెవి లాక్కుని మళ్లీ పరుగు. నేను వెనకబడిపోయాను, ఆవిడకి అలుపే లేదు.

బడి ముందు ఆడపిల్లలంతా బిక్కమొహాలతో నిలబడ్డారు. వదిన తలుపు తీసి లోయిస్‌ని లోపలికి తోసింది.

"నువ్వే చెప్పు."

"నేనా? కాళ్లు వణుకుతున్నాయే అమ్మా!"

"వణకనీ. నోరు వణక్కుండా చూసుకో."

డీకన్ వచ్చేసరికి పిల్లలంతా పలకల మీద కూడికలు చేస్తున్నారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మాస్టారేడీ?"

"మీ ఇంట్లోనే గుర్రుపెడుతున్నాడు. చెవులు వినపడటం లేదా?" అంది వదిన.

అంతలో లోయిస్ గడ్డం పైకెత్తింది.

"డీకన్ గారూ, మీరు అడ్డం నిలబడితే పిల్లలకి వెలుతురు రావట్లేదు. లోపలికొచ్చి కూర్చోండి."

నమ్మండి, కూర్చున్నాడు! మోకాళ్లు గడ్డానికి తగిలే ఆ పొట్టి బల్ల మీద, టోపీ ఒళ్లో పెట్టుకుని, ఏడు కొట్టేదాకా. పక్కనున్న ఆయన మనవరాలు పలక చూపించి, "తాతా, ఇది చెప్పవూ? నీకూ రాదా?" అంది. నేను నవ్వాపుకోలేక బయటికి పారిపోయాను.

చలి మొదలవగానే మళ్లీ ఊరి సభ. ఆడవాళ్లం కిటికీ బయట చెవులు రిక్కించి నిలబడ్డాం. బడి ఒక్క పొద్దునా తప్పలేదని డీకనే ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ మాస్టారు చేతులు జోడించేశాడు, అయిదింటికి లేవడం ఇక ఈ జన్మలో తన వల్ల కాదని. మరి ఎవరు చెప్తారు? వదిన నా చెయ్యి నలిపేస్తోంది.

అప్పుడు సభలో ఏనాడూ నోరు విప్పని మా అన్నయ్య లేచాడు.

"మా అమ్మాయి చెప్తుంది," అన్నాడు. "చేతులెత్తండి."

బల్లలు కిర్రుమన్నాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత అడవిలా లేచాయి చేతులు. ఆ చలిలో వదిన నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"విన్నావుటే? నా కూతురు పంతులమ్మే! పంతులమ్మ!"