ఉస్తాద్ ఇంట్లో తాగని గహ్వా

ఐన్ ఖాలిద్ అనే పేటలో సాయంత్రం పూట రొట్టెల దుకాణం ముందు బండి ఆపితే, అద్దం దించకముందే వాసన లోపలికి వస్తుంది. కాలిన పిండి వాసన, దాని వెనక సన్నగా పొగ. దుమ్ము లేచిన రోజుల్లో వీధి చివర ఇళ్ళు కనబడవు. దీపాలు మాత్రం దేనికీ ఆనకుండా గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. అలాంటప్పుడు వెనక సీట్లో ఎవరో దగ్గినట్టనిపించి అద్దంలోకి చూస్తాను. ఎవరూ ఉండరు. వేడి రొట్టెలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క ముక్క తుంచకుండా, ఇల్లు చేరేదాకా కళ్ళు మూసుకుని కూర్చునే ఒక పెద్దాయన చాలా ఏళ్ళు నేను నడిపిన బండి వెనక సీట్లో కూర్చున్నారు. ఆయన్ని నేను ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. మన భాషలో మాస్టారు అన్నమాట.

నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా ఊళ్ళో ఇప్పటికీ నేను దుబాయ్‌లో ఉన్నాననే అంటారు. ఖతర్ అని చెప్పి చెప్పి మానేశాను. మొదట కంపెనీ క్యాంపులో ఉండి, తర్వాత ఉస్తాద్ ఇంటికి డ్రైవర్‌గా వచ్చాను. ఆయన ఇక్కడి బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. వేరే అరబ్బు దేశం నుంచి ఎప్పుడో వచ్చేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. భార్య పోయింది. ఇంట్లో ఆయన, నేను, వంట చేసే రత్నం. రత్నానిది అమలాపురం వైపు. వంటింట్లో కబుర్లన్నీ అతని దగ్గరే పుట్టేవి.

"ఏవయ్యా గంగాధరం, నువ్వు ఎవరి బండి తోలుతున్నావో తెలుసా? ఈయన అన్నగారు ఒక దేశానికి ప్రధానమంత్రి. కాల్చి చంపేశారంట."

"మస్తు చెప్తవ్ తియ్ రత్నమన్నా. మొన్న పక్కింటాయన రాజుగారి బామ్మర్ది అన్నవ్. సూస్తె ఏసీలు రిపేర్ చేస్తడు."

"అది వేరు, ఇది వేరు. ఏసు ప్రభువు మీద ఒట్టు."

అది నిజమేనని ఉస్తాద్ నోటి నుంచే తెలిసింది, కానీ ఒక్కసారిగా కాదు. శుక్రవారం సాయంత్రాలు ఆయన్ని సముద్రం పక్క రోడ్డు మీద తిప్పేవాణ్ణి. కిటికీ వైపు తిరిగి, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు చెప్పేవారు. సగం అరబీ, సగం హిందీ. అర్థం కానిచోట నేను నా ఊరిని పెట్టుకునేవాణ్ణి. అందుకే ఆయన కొండ ఊరు ఇప్పటికీ నా కళ్ళకు మా ఊరి గుట్టలతోనే కనబడుతుంది. తన దేశం పేరు ఆయన పలికేవారు కాదు, "అక్కడ" అనేవారు. ఆయన పలకని పేరు నేనూ రాయను.

అన్న కూడా మొదట బడిపంతులే. కొండ ఊళ్ళకు రోడ్డు కావాలని పిల్లల తండ్రులను వెంటేసుకుని రాజధానికి నడిచాడు. రోడ్డు రాలేదు, కానీ ఆ నడకతో ఎన్నికల్లో గెలిచాడు. ఆహార శాఖ మంత్రి అయ్యాడు, తర్వాత ప్రధాని. పదవిలో ఉండగా కూడా ఊరొస్తే పక్కింటి అవ్వ కాల్చిన రొట్టె గోడ మీదుగా అందుకుని తినేవాడట. ఖజానా ఖాళీ అయిన ఏడాది రొట్టె ధర పెంచక తప్పలేదు. ఆ మాట రేడియోలో ఎవరో ఒక అధికారి చేత చెప్పిస్తే చాలన్నారు మిగతా మంత్రులు.

"అన్న వినలేదు, యా గంగా. నేరుగా బజారుకు పోయాడు. రొట్టెల వీధి మెట్ల మీద నిలబడి, 'పెంచింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి' అన్నాడు. జనం తిట్టారు. అన్న నిలబడి విన్నాడు. అప్పుడు ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. అన్న అతన్ని గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడట. పక్కింటి పిల్లవాడే కదా."

ఆ రొట్టెలిచ్చిన అవ్వ చిన్నకొడుకు. తుపాకీతో మూడుసార్లు కాల్చాడు. తర్వాత జైల్లోనే పోయాడు.

"ఒక మనిషిని పంపితే పోయేది. తనే ఎందుకు పోవాలి?" అనేవారు ఉస్తాద్. ఎన్ని శుక్రవారాలు తిరిగినా కథ అక్కడికే వచ్చి ఆగేది. చీకటి పడుతున్న నీళ్ళ మీద బండి తనంతట తనే పోతున్నట్టుండేది.

ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత ముగ్గురు మనుషులు వచ్చారు. ఇద్దరు తెల్లగడ్డాల పెద్దలు, వాళ్ళ మధ్య తల దించుకుని ఒక బక్కపలచటి మనిషి. అతను హసన్. కాల్చినవాడి అన్న. ఇక్కడే బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు. రత్నం తలుపు సందులోంచి మాటలు పట్టుకుని నాకు చెప్పాడు. వాళ్ళ దేశపు కట్టుబాటు ప్రకారం చంపినవాడి కుటుంబమంతా ఊరు విడిచి పోవాలి. చచ్చినవాడి రక్తసంబంధీకులు క్షమించాం అనేదాకా తిరిగి అడుగు పెట్టకూడదు. అవ్వ అప్పటినుంచీ ఎక్కడో పరాయి పట్నంలో అద్దె గదిలో ఉంది. ఇప్పుడు మంచం పట్టింది. సొంత ఊళ్ళో, మొగుడి సమాధి పక్కన పండుకోవాలని ఆమె కోరిక. క్షమించానని అనగలిగిన రక్తసంబంధి ఉస్తాద్ ఒక్కరే మిగిలారు.

"వాళ్ళే చంపి, వాళ్ళే అడుగుడా? సిగ్గుండాలె," అన్నాను. నాకు ఒళ్ళంతా మంటగా ఉంది. ఆ శుక్రవారాలన్నీ విన్నది నేను కదా.

"మెల్లిగా అనవయ్యా, వినబడుద్ది. ముందు గహ్వా పట్టుకెళ్ళు," అన్నాడు రత్నం.

ఏలకులు వేసి కాచిన కాఫీ అది, పాలు చక్కెర ఉండవు. చిన్న పిడిలేని కప్పుల్లో పోస్తూ పోవాలి. తాగినవాళ్ళు చాలు అనుకుంటే కప్పును కొంచెం ఊపి నా చేతికే తిరిగి ఇస్తారు. అంతవరకు నాకు తెలుసు. ఆ రోజు ముగ్గురూ కప్పులు అందుకుని, పెదవికి ఆనించకుండా, ముందున్న తివాచీ మీద పెట్టేశారు. ఉస్తాద్ కిటికీ వైపు చూస్తున్నారు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గహ్వా మీద ఆవిరి పలచబడి ఆగిపోయింది. మన ఇళ్ళల్లో చుట్టం తాగకుండా పెట్టాడంటే ఏమనుకుంటాం? బాగోలేదనో, చల్లారిందనో అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. వేడిది పోద్దామని వంగి మొదటి కప్పు తీశాను. రెండోది తీశాను. హసన్ కప్పు దగ్గరికి వచ్చేసరికి అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మొహమాటం అనుకున్నాను. కాదు, అలా అనుకోవడం నాకు సులువైంది. అతని వేళ్ళను పక్కకు జరిపి కప్పు తీసేసుకున్నాను.

ముగ్గురూ ఒక్కసారే లేచారు. పెద్దల్లో ఒకాయన ఉస్తాద్ వైపు చూసి, "ఇదేనా మీ జవాబు?" అన్నాడు. ఉస్తాద్ పెదవి కదపలేదు. చెప్పుల చప్పుడు గేటుదాకా వినబడింది.

వంటింట్లోకి వస్తే రత్నం తల పట్టుకుని కూర్చున్నాడు. "ఎంత పని చేశావయ్యా! అడగొచ్చినవాళ్ళు కప్పు కింద పెడతారు. సరే అంటేనే తాగుతారు. తాగకుండా ఆ ఇంటివాళ్ళే కప్పు తీశారంటే, పొమ్మన్నట్టే."

"నాకేమెరుక? నేను డ్రైవర్ని. నాకెవడన్న చెప్పిండా?"

ఆ మాట ఆ సాయంత్రమంతా అన్నాను. రత్నంతో, గోడతో, బండి తుడుస్తూ బండితో. తెలియక చేశానన్నది నిజం. కోపంతో చేశానన్నదీ నిజమే. మొదటిది పైకి చెప్పుకుంటూ రెండోదాన్ని దాని కింద దాచాను. రాత్రి భోజనం పట్టుకెళితే ఉస్తాద్‌తో కూడా అదే అన్నాను. తిడతారని ఎదురుచూశాను. ఆయన పళ్ళెం వైపు చూస్తూ, "నీ తప్పేం లేదు, నువ్వు పరాయివాడివి," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఒక ముసలి తల్లి దారి మూసుకుపోయిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి ఆయనే నా గది తలుపు కొట్టారు. అంతకుముందు ఎప్పుడూ నా గదిదాకా రాలేదు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, చేతికర్రతో నిలబడి ఉన్నారు.

"యల్లా, బండి తియ్యి. బిర్కత్ అల్ అవామిర్ పోవాలి."

"మీరు పోవుడేంది ఉస్తాద్? వాళ్ళు రావాలె గని."

బండి తీశాను. దుమ్ము వల్ల సూర్యుడు చంద్రుడిలా తెల్లగా ఉన్నాడు. లారీలు మంచులోంచి వచ్చినట్టు వచ్చి పోతున్నాయి. చివరికి అద్దంలో నా కళ్ళు వెతికి పట్టుకుని అన్నారు. "నిన్న నువ్వు కప్పులు తీస్తుంటే నేను ఆపగలిగేవాణ్ణి. ఒక్క మాట చాలు. కాదు అనే ధైర్యం నాకు లేదు, సరే అనే మనసూ లేదు. నీ చెయ్యి ఆ పని చేసింది, ఊరుకున్నాను. నువ్వేమో తెలియదన్న మాట వెనక దాక్కుంటున్నావు. నేను నీ వెనక దాక్కున్నాను. ఆ మెట్ల మీద నిలబడ్డ అన్నకు తమ్ముణ్ణి నేను, యా గంగా!"

హసన్ గది గోదాముల వెనక వరసలో ఉంది. ఉస్తాద్ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. నేను గడప బయట ఆయన చెప్పుల దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు.

"కప్పు తీసింది మావాడు, తెలియక. తియ్యనిచ్చింది నేను, తెలిసే," అన్నారు ఉస్తాద్. హసన్ కాగితం గ్లాసులో టీ తెచ్చి ఇచ్చాడు. ఉస్తాద్ దాన్ని నేల మీద పెట్టారు. "ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఊరికి పొమ్మని నేనే చెప్పాలి. చెప్పాకే తాగుతాను."

ఫోన్ చాలాసేపు మోగింది. తర్వాత స్పీకర్‌లో, దూరం నుంచి సన్నటి గొంతు. ఉస్తాద్ తన పేరు చెప్పారు. ఆయన ఆగి ఆగి, క్షమించానని, ఇంటికి పొమ్మని చెప్పారు. ఆమె ధన్యవాదాలు చెప్పలేదు, తిట్టింది.

"ఇన్నేళ్ళా? గోడ దూకి వచ్చి రొట్టె తినేవాడివి. నా కొడుకు పాపం చేశాడు, నిజమే. నీకు నా మీద కూడా కోపమేనా? మీ అన్నకు నేనూ ఏడ్చానురా, ఎవరూ చూడకుండా."

ఉస్తాద్ చిన్నపిల్లవాడిలా "అవును అత్తా, అవును అత్తా" అంటూనే ఉన్నారు. ఫోన్ పెట్టేశాక టీ మొత్తం తాగారు. హసన్ గోడ వైపు తిరిగి వెక్కుతున్నాడు. నాకు లోపలికి వెళ్ళి ఒక్క మాట అనాలనిపించింది. ఆయన నా బదులు కూడా చెప్పేశారు కదా అనుకున్నాను. చెప్పులు సరిచేసి పెట్టాను, అంతే.

అవ్వ ఊరు చేరిందని, కొన్నాళ్ళు ఆ ఇంటి ఎండలో కూర్చుందని తర్వాత విన్నాం. ఉస్తాద్ మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయిన చలికాలం ఇక్కడే, నిద్రలోనే పోయారు. ఖబరస్తాన్‌లో నేనూ రత్నమూ గోడవారగా నిలబడ్డాం. వచ్చినవాళ్ళు కొద్దిమందే. అందులో హసన్ ఉన్నాడు. అందరూ మట్టి వేశాక అతను మా వైపు నడిచొచ్చాడు. ఆనాటిలా చెప్పుల దగ్గర నిలబడిపోవడం ఇక నావల్ల కాలేదు.

"ఆ రోజు నువ్వు చెయ్యి అడ్డం పెట్టినా కప్పు లాక్కున్నాను," అన్నాను, నాకొచ్చిన అరబీలో. "తెలియకే, కానీ కోపంతో."

"తెలుసు," అన్నాడు. "నీ ముఖం చూశాను కదా." క్షమించానని అనలేదు. నా మణికట్టు పట్టుకుని సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, "వెయ్యి. ఆయన నీ మనిషి కూడా," అన్నాడు. దోసిలితో మట్టి వేశాను.

ఇప్పుడు అల్ తుమామాలో ఇంకో ఇంటికి బండి నడుపుతున్నాను. పొరపాటు జరిగినప్పుడల్లా నా నోరు ముందుగా ఎవరి పేరో వెతుకుతుంది. ఆ వెతుకులాట ఆగలేదు. దొరికిన పేరును కొన్నిసార్లు మింగేసి, "నేనే" అంటాను. అన్నిసార్లూ కాదు.