పీణ్యకు నేను పట్టించిన బీపీ

బెంగుళూరు పీణ్యలో ఒక కార్ఖానా మొత్తానికి పది రోజుల్లో రక్తపోటు తెప్పించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఇప్పుడు మాత్రం చదువుతున్నారు. ఉప్పు వల్ల కాదు, బీడీల వల్ల కాదు, వంశపారంపర్యం అసలే కాదు. నా వల్ల. ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ దాచుకున్నకొద్దీ నాకే బీపీ పెరుగుతోంది కాబట్టి చెప్పేస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మదనపల్లెలో డిగ్రీ ముగించి, మారతహళ్ళిలో ఒక పీజీలో కిటికీ పక్క మంచం సంపాదించి, గుండెజబ్బూ పక్షవాతమూ ఎవరికి ఎందుకు వస్తాయో తేల్చే ఒక పరిశోధనలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటరుగా చేరాను. ఆ ఉద్యోగం పేరు విని మా నాన్న నేను పోలీసు శాఖలో చేరాననుకుని రెండు నెలలపాటు ఊళ్ళో మీసం దువ్వుతూ తిరిగాడు. అసలు పని ఇది. చిన్న చిన్న కార్ఖానాలకు వెళ్ళాలి. పనివాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి బీపీ చూడాలి, నడుము కొలవాలి, రైలంత పొడవున్న ప్రశ్నపత్రం నింపాలి. ఉప్పెంత తింటారు, బీడీలెన్ని కాలుస్తారు, నిద్ర ఎంత, ఇంట్లో ఎవరైనా గుండెపోటుతో పోయారా, ఇలాగ.

మాకు ఈ పని నేర్పింది మరియమ్మ సిస్టర్. గుంటూరు మనిషి. ఆస్పత్రుల్లో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, ఆ పరిశోధనలో మా మీద పర్యవేక్షకురాలిగా ఉండేది.

"చూడు సుధాకరూ, బీపీ చూసే ముందు మనిషిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, నోరు మూసుకుని ఉండాలి" అంది మొదటిరోజే.

"వాళ్ళ నోరా సిస్టర్, నా నోరా?"

"ఇద్దరిదీనూ. ముఖ్యంగా నీది."

ఆవిడకు నాతో పరిచయం అప్పటికి అరగంటే. అనుభవం అంటే అది.

కానీ నేను లెక్కలు వచ్చినవాణ్ణి. నలభై మంది పనివాళ్ళు, ఒక్కొక్కరికి అయిదు నిమిషాల మౌనం. అంటే నా జీవితంలో మూడు గంటలకు పైగా ఒక ఇనుప కుర్చీని చూస్తూ గడిపేయాలన్నమాట. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. వాళ్ళకు వారం వారం టార్గెట్లు లేవు కాబట్టి అన్నారు. నేను మాత్రం ఆ అయిదు నిమిషాల్లో ప్రశ్నపత్రం కానిచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. స్వామికార్యం, స్వకార్యం, రెండూ ఒకే కుర్చీలో.

కార్ఖానా రంగనాథప్పది. కోలారు వైపు తెలుగు కుటుంబం, నట్లూ బోల్టులూ చేస్తారు. కింద లేత్ మిషన్ల హోరుకు మన మాట మనకే వినిపించదు. అందుకని ఆయన నాకు మూడో అంతస్తు మీదున్న రేకుల గది ఇచ్చాడు. అక్కడికి ఇనుప మెట్లు, నిచ్చెనకు అన్నదమ్ముల్లా నిటారుగా ఉంటాయి. నేను ఆ గది గోడకు, ప్రజల్లో అవగాహన పెరగాలని, గుండెను దోసకాయలా నిలువునా కోసి చూపించే రంగుల బొమ్మ ఒకటి అంటించాను. కూర్చున్నవాడికి సరిగ్గా ఎదురుగా.

మొదటి మనిషి ఓబులప్ప. ముప్పై ఏళ్ళుగా లేత్ మీద ఉన్నాడు. వాళ్ళ నాన్న కాలంలోనే హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డారు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చి కూర్చున్నాడు. నేను చేతికి పట్టీ చుట్టేసి, ప్రశ్నలు మొదలుపెట్టాను.

"మీ నాన్న ఉన్నారా?"

"లేడప్పా, పోయినాడు."

"ఎలా పోయారు?"

"ఏం చెప్పేది. అన్నం తిని గోడకి ఆనుకున్నాడు. మళ్ళా లేయలేదు."

"అప్పుడాయన వయసెంత?"

"యాభై అయిదు ఉంటాది."

"ఇప్పుడు మీ వయసెంత?"

ఓబులప్ప ఎదురుగా ఉన్న బొమ్మను చూశాడు. తరువాత తన వీపు ఆనుకున్న గోడను చూశాడు. మెల్లగా ముందుకు జరిగి కూర్చుని, "యాభై అయిదు" అన్నాడు.

నేను సానుభూతిగా తలూపి, సరిగ్గా ఆ క్షణంలో మిషన్ బటన్ నొక్కాను.

నూట డెబ్బై నాలుగు.

"ఎక్కువుండాదా?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"మీరు టెన్షన్ పడొద్దు."

ఆ మాట విని టెన్షన్ పడని మనిషి ఇంతవరకు భూమ్మీద పుట్టలేదు. నియమం ప్రకారం మూడుసార్లు చూడాలి. రెండోసారి నూట ఎనభై దాటింది. మూడోసారి వచ్చిన అంకె చూసి మిషనే చిన్నగా కూత పెట్టింది. ఓబులప్ప మెట్లు ఎక్కినప్పటికంటే నెమ్మదిగా, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాడు.

ఆయన వెనకే వార్త కూడా దిగింది. తరువాత వచ్చినవాళ్ళు గదిలోకి అడుగుపెట్టేసరికే సగం చచ్చి ఉన్నారు. మిగిలిన సగం సంగతి నా ప్రశ్నపత్రం చూసుకుంది. పది రోజులు తిరిగేసరికి నలభై మందిలో బీపీ లేనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ బుద్ధి ఉన్నవాడైతే ఆగి, ఎక్కడో తేడా ఉందనుకుంటాడు. నేను ఆగి, నాకు మంచి రోజులొచ్చాయి అనుకున్నాను. లేత్ మిషన్ల హోరే ఈ రక్తపోటుకు కారణమని రెండు పేజీల సిద్ధాంతం రాసి, పరిశోధన నడిపే డాక్టర్ సులోచన గారికి పంపాను. ఆవిడ "ఆసక్తికరంగా ఉంది. మరియమ్మను పంపిస్తాను" అని జవాబిచ్చారు. దండ వెయ్యడానికి పంపుతున్నారనుకున్నాను.

ఇంకొక ఘనకార్యం కూడా చేశాను. ఎవరి బీపీ ఎంతో బయటి కంటికి కనబడకూడదన్నది మా రెండో నియమం. నేను పేర్ల జాబితాలో ఎక్కువ ఉన్నవాళ్ళ పక్కన ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి, అదే కాగితాన్ని హాజరు సంతకం కోసం రంగనాథప్ప బల్ల మీద వదిలి, టీ తాగడానికి వెళ్ళాను. ఆ జాబితా పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్రెర్రగా ఉండేది. పైన మొదటి పేరు ఓబులప్పది.

మరుసటి పొద్దున గేటు దగ్గర ఒకావిడ క్యారియరు పట్టుకుని నా కోసం నిలబడి ఉంది.

"మిషన్ పెట్టి చూసే అబ్బాయివి నువ్వేనా?"

"అవునమ్మా."

"నేను ఓబులప్ప పెండ్లాన్ని, నరసమ్మని. మా ఆయన నా చెయ్యి పట్టుకోని ఏడ్చినాడప్పా. ఇంగ ఎన్ని దినాలుంటానో తెల్దు, నీ దగ్గర ఒగటి దాచినా, చెప్పేసి పోతా అన్నాడు."

"ఏం దాచాడమ్మా?"

"పదకొండేండ్లుగా నేను కట్టిచ్చే రాగిముద్ద ఈ వాచ్‌మన్‌కి పెట్టి, ఆయన సర్కిల్ కాడ హోటల్లో మసాలదోశ తింటా ఉండాడంట."

పక్కనే కుర్చీలో ఉన్న వాచ్‌మన్ లేచి, మోటారు ఆపాలన్న నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ మోటారేమీ లేదు.

"పొద్దున అయిదుకి లేచి ముద్ద కెలికినాను నేను, పదకొండేండ్లు. వాచ్‌మన్ కోసమా?" అంది నరసమ్మ. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ లెక్క నేను ఇంట్లో చూసుకుంటా. నేనొచ్చింది దానికి కాదు. నిన్న సాయంత్రం ఓనరు ఆయన్ని రావద్దన్నాడు. గుండె జబ్బోడు మిషన్ కాడ పడితే ఎవరు జవాబు చెప్పేది అన్నాడంట. ముప్పై ఏండ్లు చేసినాడప్పా ఈడ. ఇప్పుడు ఇంట్లో కూర్చోని, గోడకి ఆనుకునేదానికి కూడా భయపడతా ఉండాడు. నువ్వు రాసిన కాగితం చూసే గదా?"

అంతవరకూ నాకు అంకెలే కనిపించాయి. ఆ అంకెల వెనక ఒక మనిషి జీతం ఉందని, వీపు ఆనించుకోవడానికి ఒక గోడ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ రోజే పదకొండింటికి మరియమ్మ సిస్టర్ వచ్చింది. దండ తేలేదు. గదిలో మూల స్టూలు వేసుకుని కూర్చుని, "నీ పని నువ్వు చేసుకో బాబూ" అంది. నేను ఇద్దరిని మళ్ళీ పిలిచి చూశాను. ఇద్దరి తండ్రులనూ యథావిధిగా చంపించాను, తలూపాను, బటన్ నొక్కాను. రెండో అతను వెళ్ళాక ఆవిడ లేచి, గోడ మీద గుండె బొమ్మను ఊడదీసి, చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇట్టాగే చూశావా నలభై మందికీ?"

"అవును సిస్టర్. టైమ్ కలిసొస్తుందని."

"మూడంతస్తులు ఎక్కించి, ఊపిరి తీసుకోనివ్వకుండా కూర్చోబెట్టి, నాన్న ఎట్టా పోయాడని అడిగి, అప్పుడు బీపీ చూస్తావా? నువ్వు నన్ను అడిగినా నాకూ రెండొందలు వచ్చుద్దయ్యా."

నేను ఓబులప్ప సంగతి చెప్పాను. ఆవిడ ముఖంలో వెటకారం పోయింది. "ముందు ఆయన్ని పిలిపించు" అంది.

నరసమ్మే వెళ్ళి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. రంగనాథప్ప ఆఫీసు గది కింది అంతస్తులోనే ఉంది, తలుపు వేస్తే హోరు లోపలికి రాదు. ఓబులప్పను అక్కడ మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, మరియమ్మ సిస్టర్ నన్ను గాజు తలుపు బయట నిలబెట్టింది. కాసేపు చూసి, తలుపు తీసి, "అటు తిరిగి నిలబడు. ఆయన నిన్నే చూస్తున్నాడు" అంది. అటు తిరిగాను. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పిలుపొచ్చింది. మూడుసార్లు చూసినా నూట ముప్పై దాటలేదు.

"ఏం మారింది చెప్పు" అంది సిస్టర్.

"మిషన్ మార్చారా సిస్టర్?"

"మిషన్ అదే. మనిషిని మార్చాం."

ఓబులప్ప తన చేతిని తానే కాసేపు చూసుకుని, "అయితే నేను సచ్చిపోను గదా?" అని అడిగాడు.

"పోవు. కానీ దోశలు తగ్గించు" అంది సిస్టర్.

"దోశ సంగతి నేను చూసుకుంటా లేమ్మా" అంది నరసమ్మ. ఆ గొంతు విన్నాక, ఓబులప్ప బీపీ అప్పుడు చూసి ఉంటే మళ్ళీ నా అంకెలే వచ్చేవని నా నమ్మకం.

రంగనాథప్ప ముందు తప్పు ఒప్పుకోవాల్సిన వంతు వచ్చింది. "తప్పంతా నాది సార్. నేను కొలిచిన పద్ధతి తప్పు. మీకు జాబితా కనబడేలా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఓబులప్పను పనిలోకి తీసుకోండి" అన్నాను.

ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు. "నిన్న ఉండాదంటివి, ఈ పొద్దు లేదంటావు. నీ మిషన్‌ని ఏమని నమ్మేది? ఏదీ, నాకు చూడండి. నాకే జబ్బూ లేదు. అది సరిగ్గా చెప్తే ఓబులప్పని తీసుకుంటా."

సిస్టర్ ఆయనను అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూసింది. ఆవిడ కనుబొమలు దగ్గరికొచ్చాయి. మళ్ళీ చూసింది.

"నూట ఎనభై రెండు ఉందండీ."

"అది నాది కాదమ్మా. ఈ అబ్బాయి ఎదురుగా ఉండాడు గదా, అందుకే. వాన్ని స్వల్ప అవతలికి పొమ్మను."

నేను తలుపు బయటికి వెళ్ళాను. తగ్గలేదు.

"వాని నీడ కనపడతా ఉండాది. గేటు కాడికి పంపించు."

గేటు దగ్గరికి వెళ్ళాను. తగ్గలేదు. రోడ్డు దాటమన్నారు. దాటి, టెంకాయ బండి పక్కన నిలబడ్డాను. బండి అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఎవరి కోసం?"

"నేను దూరంగా ఉంటే ఓనరు బీపీ తగ్గుతుందేమోనని చూస్తున్నారు."

"తగ్గిందా?"

"ఇంకా లేదు."

అతను కొంచెం ఆలోచించి, తన బండిని నా నుంచి రెండడుగులు పక్కకు లాక్కున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. "ఇంకొంచెం దూరం పో" అంది సిస్టర్. బస్‌స్టాపు దాకా వెళ్ళాను. ఒక గుండెజబ్బు పరిశోధనలో నా పాదాలు ఇంత ముఖ్యమవుతాయని నేనెన్నడూ అనుకోలేదు. పది నిమిషాలకు మళ్ళీ ఫోన్.

"తగ్గిందా సిస్టర్?"

"తగ్గలేదు. ఆయనకి నిజంగానే ఉంది. చివరికి ఒప్పుకున్నాడు. కారు తీయించి ఆస్పత్రికి బయల్దేరుతున్నాడు."

"అయితే నేను వెనక్కి రానా?"

"వద్దులే బాబూ. మిగతావాళ్ళవి మళ్ళీ చూడాలి. బస్సొస్తే ఎక్కెయ్."

రంగనాథప్పకు నిజంగానే ముదిరి ఉందట. మంచి సమయానికి వచ్చారని ఆస్పత్రిలో చెప్పారట. రెండు రోజుల తరువాత ఆయన మాత్రల పెట్టెతో తిరిగొచ్చి, మొట్టమొదట ఓబులప్పను పిలిపించి లేత్ దగ్గర నిలబెట్టాడు. సిస్టర్ అందరికీ కింది అంతస్తులోనే మళ్ళీ చూసింది. నిజంగా బీపీ ఉన్న కొద్దిమందినీ డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టర్ సులోచన గారు నా సిద్ధాంతాన్ని నా చేతికే ఇచ్చి, "ఇందులో హోరు అని రాసిన ప్రతిచోటా నీ పేరు రాసుకుని చదువుకో" అన్నారు. చదివాను. సిద్ధాంతం అక్షరాలా నిజమైంది.

కాబట్టి పెద్దలారా, ఈ పట్టీని కుడిచేతికి బిగించుకుని, వీపు కుర్చీకి, పాదాలు నేలకి ఆనించి ప్రమాణం చేస్తున్నాను. బీపీ చూసే ముందు ఎవరి తండ్రినీ చంపించను. ఎవరి ఎదుటా సానుభూతిగా తలూపను. టెన్షన్ పడొద్దు అనే మాట ఈ జన్మలో అనను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మూసుంటే ఊరి బీపీ మంచిదని సైన్సు తేల్చింది. సైన్సును కాదనడానికి నేనెంతటివాణ్ణి?